బస్తీ పిల్లలతో సాయంత్రం ఆట: నలభై మందితో మొదలై పదకొండు మందికి వచ్చాం, ఏం చేయాలి?

అండర్‌బ్రిడ్జి అన్న
ఫిబ్రవరి 9, రాత్రి 10:14

అందరికీ నమస్తే. మాది వరంగల్ స్టేషన్ వెనకాల ఒక బస్తీ, పేరు రాయడం లేదు, ఊరివాళ్ళకు ఎలాగూ తెలిసిపోతుంది. దసరా అయిన తర్వాత నేనూ నా ఇద్దరు దోస్తులూ కలిసి మా పక్కన ఉన్న ఖాళీ జాగాలో సాయంత్రం పూట పిల్లలతో కబడ్డీ, వాలీబాల్ ఆడించడం మొదలుపెట్టాం. 12 నుంచి 17 ఏళ్ళ పిల్లలు. తండ్రులు హమాలీలు, ఆటో నడిపేవాళ్ళు, తల్లులు బీడీలు చుట్టేవాళ్ళు, ఇళ్ళల్లో పనికి పోయేవాళ్ళు. మా భయం ఏంటంటే ఆ వయసు పోరగాళ్ళు సాయంత్రం కాగానే కల్లు కాంపౌండ్ వెనకాల గోడ దగ్గర చేరుతున్నారు, ఒకడి చేతిలో ఫోన్‌లో బెట్టింగ్, ఇంకొకడి జేబులో మత్తుకి పీల్చే వైట్‌నర్ సీసా, ఈ మధ్య గంజాయి మాట కూడా వినిపిస్తోంది.

మొదటి వారం నలభై మంది వచ్చారు. సంక్రాంతికి ఒక నాయకుడు తన ఫొటో వేయించిన జెర్సీలు ఇచ్చాడు, మేం కూడా ఉషారుగా టోర్నమెంట్ పెట్టాం. బయటి టీమ్‌లు వచ్చాయి, మా పిల్లలు మొదటి రౌండ్‌లోనే ఓడిపోయారు, కప్పు వేరే ఏరియా వాళ్ళు పట్టుకుపోయారు. మరునాడు గ్రౌండ్‌కి వచ్చింది ఇరవై మంది. ఇవాళ లెక్కపెడితే పదకొండు. చేతిలో 6,400 రూపాయలు మిగిలాయి. దోస్తులు ఇంకో టోర్నమెంట్ పెడదాం, ఈసారి క్యాష్ ప్రైజ్ పెడదాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు కానీ వేరే ఏం చేయాలో తోచడం లేదు. ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

కాజీపేట లోకో
ఫిబ్రవరి 9, రాత్రి 10:31

క్యాష్ ప్రైజ్ పెట్టు తమ్ముడూ. పదివేలు అని బ్యానర్ కడితే గ్రౌండ్ పట్టదు. పైసలు లేని ఆట ఎవడు ఆడుతున్నాడు ఈ రోజుల్లో.

పాత పీఈటీ
ఫిబ్రవరి 10, ఉదయం 5:52

లోకో తమ్ముడూ, బ్యానర్ కడితే గ్రౌండ్ నిండుతుంది, నిజమే. ఎవరితో నిండుతుందన్నదే అసలు సంగతి.

నేను సర్కారు బడుల్లో 31 ఏళ్ళు పీఈటీగా చేసి రిటైరయ్యాను. నా సర్వీసులో నేను చేసిన పెద్ద తప్పు ఒకటి చెబుతాను. మొదటి పదేళ్ళు నేను గెలిచే పిల్లల్నే పట్టుకున్నాను. జోనల్స్‌కి పన్నెండు మంది వెళితే మిగతా రెండు వందల మంది గోడ మీద కూర్చుని చూసేవాళ్ళు, అది కూడా ఆటల పీరియడే అనుకునేవాణ్ణి. టోర్నమెంట్ పని ఏరివేయడం. గట్టివాడు మిగులుతాడు, సన్నగా ఉన్నవాడు, లావుగా ఉన్నవాడు, చెప్పులు లేనివాడు ముందు పోతాడు. నీ దగ్గర పోయిన ఇరవై తొమ్మిది మంది ఎవరో ఒకసారి పేర్లు రాసుకుని చూడు, నా మాట సరిపోతుందో లేదో.

ఖోఖో పెట్టు. రెండు కర్రలు, కొంచెం సున్నం, అంతే ఖర్చు. కోర్టు 27 మీటర్లు, 16 మీటర్లు, నీ జాగా చిన్నదైతే తగ్గించి గీసుకో, ఎవరూ వచ్చి టేపు పెట్టి కొలవరు. తరిమే పక్షంలో ఒకేసారి తొమ్మిది మంది కోర్టులో ఉంటారు, బక్కవాడే ఎక్కువసేపు దొరక్కుండా తిరుగుతాడు. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో ప్రపంచకప్పు జరిగింది, ఆడవాళ్ళదీ మగవాళ్ళదీ రెండూ మనవాళ్ళే గెలిచారు, ఆ వీడియోలు ఫోన్‌లో చూపించు, ఇది చిన్నపిల్లల ఆట అని వెక్కిరించేవాడు కూడా దిగుతాడు.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యం. రోజూ అయిదున్నరకి అంటే అయిదున్నరకి నువ్వు అక్కడ నిలబడాలి. ఇద్దరే వచ్చినా ఇద్దరితో ఆడించాలి. వాన పడినా గొడుగేసుకుని నిలబడు. "అన్న ఇవాళ వస్తడో రాడో" అన్న అనుమానం ఒక్కసారి పుడితే ఆ పిల్లలు మళ్ళీ ఆ గోడ దగ్గరికే. ఆ గోడ దగ్గర ఉండేవాళ్ళు మాత్రం టైం తప్పరు, గమనించావా?

ఎనుమాముల దడ్వాయి
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2:20

సార్ చెప్పింది బాగుంది కానీ అన్నా, నువ్వు నెల చూడలేదు. ఇది ఫిబ్రవరి. మిర్చి సీజన్. మా మార్కెట్‌కి తెల్లారేసరికి బస్తాల బండ్లు బారులు తీరి ఉంటాయి, ఏప్రిల్ దాకా ఇంతే. నీ బస్తీ పోరగాళ్ళలో పదిహేను దాటినవాళ్ళు సగం మంది ఇక్కడే తిరుగుతున్నారు, నాకు రోజూ కనిపిస్తారు, తండ్రి వెంట వచ్చి బస్తాలకు చెయ్యేస్తారు, కాటా దగ్గర నిలబడతారు, ఘాటుకి తుమ్ముకుంటూ. సాయంత్రానికి కళ్ళు మండి, ఒళ్ళు పులిసి ఇంటికి పోతారు. వాళ్ళని అయిదున్నరకి కబడ్డీకి రమ్మంటే వస్తారా?

ఓడిపోయి మానేసినవాళ్ళు కొందరు ఉండొచ్చు. కానీ ముందు ఇల్లిల్లూ తిరిగి అడుగు, ఎందుకు రావట్లేదు అని కాదు, ఎక్కడికి పోతున్నావ్ అని. ఆ పెద్ద పిల్లలకి ఆదివారం ఒక్కరోజు పెట్టు, మార్కెట్ బంద్ ఉంటుంది. బడికి పోవాల్సిన వయసు వాడు ఎవడైనా అక్కడ కనిపిస్తే మాత్రం ఆట సంగతి తర్వాత, ముందు వాళ్ళ హెచ్‌ఎంతో మాట్లాడు.

శివనగర్ అక్క
ఫిబ్రవరి 10, రాత్రి 8:47

పోస్ట్ మొత్తం రెండుసార్లు చదివాను తమ్ముడూ. "పిల్లలు, పిల్లలు" అని రాశావు. నలభై మందిలో ఆడపిల్లలు ఎంతమంది?

అండర్‌బ్రిడ్జి అన్న
ఫిబ్రవరి 10, రాత్రి 9:05

ఒక్కరు కూడా లేరక్కా. మేం రావద్దనలేదు, వాళ్ళే రాలేదు.

శివనగర్ అక్క
ఫిబ్రవరి 10, రాత్రి 9:38

రావద్దని ఎవరూ అనరు. గ్రౌండ్ చుట్టూ బండ్ల మీద కూర్చున్న మగపిల్లలు, ఒంటికి పోవడానికి చోటు లేదు, ఆరున్నర అయితే లైటు లేదు, ఇక వేరే చెప్పాలా?

నేను మా వాడలో మూడేళ్ళుగా ఆడపిల్లల గ్రూపు నడుపుతున్నాను. గ్రౌండ్‌లో మొదలుపెట్టలేదు, బడి వరండాలో మొదలుపెట్టాను, ఎందుకంటే అక్కడ గేటు ఉంది, బాత్రూం ఉంది. మొదట కోలాటం అన్నాను, అమ్మలు ఒప్పుకున్నారు. రెండు నెలలు పోయాక త్రోబాల్ తెచ్చాను, అప్పటికి అమ్మలు కూడా వచ్చి బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చోవడం అలవాటైంది. ఇప్పుడు ఒకామె స్కోరు చెబుతుంది, అరుపులు వింటే నవ్వొస్తుంది.

"చీకటి పడితే ఆడపిల్లని పంపం" అనే మాట నాకు ప్రతి ఇంట్లో చెప్పారు. మరి బతుకమ్మ తొమ్మిది రోజులూ ఇదే పిల్లలు రాత్రి తొమ్మిదీ పదింటి దాకా బయటే ఉంటారు కదా, ఎవరైనా ఏమన్నా అంటారా? అక్కడ వాడలో ఆడవాళ్ళంతా ఉంటారు కాబట్టి అనరు. నీ గ్రౌండ్‌లో నువ్వూ నీ దోస్తులూ ముగ్గురూ మగవాళ్ళే. ముందు ఒక అక్కనో, అంగన్‌వాడీ టీచర్నో, డిగ్రీ చదివే చెల్లెనో తెచ్చుకో, తర్వాత ఆడపిల్లలు రాలేదని చెప్పు.

లండన్‌లో ఓరుగల్లు
ఫిబ్రవరి 11, తెల్లవారుజామున 3:10

మాది కరీమాబాద్, ఇప్పుడు ఇక్కడ ఉద్యోగం. కెన్యాలో నైరోబీ నగరంలో మథారే అని పెద్ద మురికివాడ ఉంది. అక్కడ 1987లో ఒక యువజన క్రీడా సంఘం మొదలైంది. ఫుట్‌బాల్ లీగే, కానీ మ్యాచ్ గెలిస్తే ఎలా పాయింట్లు ఉంటాయో, వారాంతంలో టీమంతా కలిసి వాడలో చెత్త తీసి మోరీలు శుభ్రం చేస్తే కూడా లీగ్ టేబుల్‌లో పాయింట్లు కలుస్తాయి. ఆట గెలిచినా ఆ పని ఎగ్గొడితే వెనకబడతారు. రిఫరీలు, కోచ్‌లు, లీగ్ నడిపేవాళ్ళు ఎక్కువగా ఆ వాడ పిల్లలే. అమెరికాలో కూడా 1986లో మేరీలాండ్‌లో రాత్రి పది తర్వాత బాస్కెట్‌బాల్ లీగ్ పెట్టారు, గొడవలు జరిగే టైం అదే కాబట్టి ఆ టైంకే ఆట. మన దగ్గర కూడా ఖోఖో లీగ్ పెట్టి, మురుగు నాలా శుభ్రం చేసిన టీమ్‌కి పాయింట్లు ఇస్తే ఎలా ఉంటుంది? వానాకాలం వరదలకి కూడా మంచిదే.

డప్పు దరువు
ఫిబ్రవరి 11, ఉదయం 7:26

లండన్ అన్నా, కోపం తెచ్చుకోకు, నేను మాత్రం కోపంతోనే రాస్తున్నాను.

మా నాయన మున్సిపాలిటీలో మోరీలు తీసీ తీసీ రిటైరయ్యాడు. ఆయన గోళ్ళు చివరిదాకా తెల్లబడలేదు. మా వాడ పిల్లలు బడిలో ఏ మాట పడతారో మీకు తెలుసు. ఆ పిల్లలు సాయంత్రం ఒక గంట ఆడుకోవడానికి వస్తే అక్కడ కూడా మళ్ళీ మోరీ చూపిస్తారా? నైరోబీలో మోరీ తీయడం వాడ పనిగా ఉందేమో, ఇక్కడ అది కులం పని చేసి పెట్టారు. పైగా నాలాలో గాజుపెంకులు, సూదులు, ఏమైనా ఉంటాయి. పిల్లలతో ఆ పని చేయించనే కూడదు.

పాయింట్ల ఆలోచన మాత్రం తీసేయకండి, అది బాగుంది. చిన్నపిల్లలకి అంపైరింగ్ చేస్తే పాయింటు, సున్నం గీతలు గీస్తే పాయింటు, స్కోరు పుస్తకం రాస్తే పాయింటు, రాని పిల్లాణ్ణి ఇంటికి పోయి తోడుకొస్తే రెండు పాయింట్లు. ఆటలో ఓడినవాడికి కూడా టేబుల్‌లో పేరుంటుంది.

ఇంకో సంగతి. మీ బస్తీలో డప్పు కొట్టే పిల్లలు ఉంటారు, చావుకి పెళ్ళికి పోతారు, బడిలో మాత్రం ఆ సంగతి దాచుకుంటారు. నేను కూడా దాచుకున్నాను. ఆట మొదలయ్యే ముందు పది నిమిషాలు వార్మప్ డప్పు మీద పెట్టండి. దరువు మారితే నడక మారాలి, ఆగితే ఆగాలి. డప్పు కొట్టేవాడే ఆ పది నిమిషాలూ కెప్టెన్. నేను ఆదివారం ఖాళీ, వస్తాను. ఒక్క షరతు: పెద్ద కళాకారుణ్ణి ఎవరినైనా పిలిస్తే శాలువా కప్పి ఊరికే పంపకండి, ఆయన కూలి ఆయనకివ్వండి.

లండన్‌లో ఓరుగల్లు
ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 1:44

అన్నా, నాకది తట్టనే లేదు. ఇరవై ఏళ్ళు ఆ గల్లీలోనే పెరిగి కూడా తట్టలేదంటే నాకే సిగ్గుగా ఉంది. నాలా మాట వెనక్కి తీసుకుంటున్నాను. స్కోరు పుస్తకం, కర్రలు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఖర్చు నాది.

కాజీపేట లోకో
ఫిబ్రవరి 11, సాయంత్రం 6:02

ఇవన్నీ మంచివే కానీ గంజాయి అమ్మేవాడు ఖోఖో చూసి పారిపోతాడా? పోలీసులకు చెప్పాలి.

పాత పీఈటీ
ఫిబ్రవరి 11, సాయంత్రం 6:40

అమ్మేవాడి సంగతి పోలీసులకే చెప్పాలి, అందులో వాదన లేదు. కొనేవాడికి పద్నాలుగేళ్ళు, వాడి సంగతి మనది. అప్పటికే అలవాటు పడ్డవాడు ఎవరైనా ఉంటే ఆటతో తగ్గిపోతుందని నమ్మి కూర్చోవద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. వాణ్ణి ఆట నుంచి మాత్రం వెళ్ళగొట్టకండి.

ఇందూరు అమ్మాయి
ఫిబ్రవరి 12, రాత్రి 11:15

మాది నిజామాబాద్. నిఖత్ జరీన్ 2022లో, 2023లో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు మా ఊళ్ళో ఊరేగింపులు, ఫ్లెక్సీలు. ఆమె ఆట మొదలుపెట్టినప్పుడు మాత్రం బాక్సింగ్ ఆడపిల్లలకి ఎందుకన్నవాళ్ళే ఎక్కువ, తండ్రి వెంట నిలబడ్డాడు కాబట్టి సాగింది. మా జిల్లాదే మాలావత్ పూర్ణ. గిరిజన కుటుంబం, గురుకులం పిల్ల, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పద్నాలుగు కూడా నిండలేదు. పేపర్లో ఎవరెస్టే కనిపిస్తుంది కానీ పూర్ణ, ఆమెతో పాటు శిక్షణ తీసుకున్న గురుకులం పిల్లలు ముందు ఎక్కింది భువనగిరి గుట్ట. ఊరు దాటి, తాడు పట్టుకుని, భయపడి, దిగి, మళ్ళీ ఎక్కారు.

అందుకే నా సలహా, ఉన్న పైసలతో ఒక్కసారి బస్తీ దాటించండి. టోర్నమెంట్ వద్దు, ట్రిప్ పెట్టండి.

పాత పీఈటీ
ఫిబ్రవరి 13, ఉదయం 5:49

ట్రిప్ నాకూ ఇష్టమే. కానీ పిల్లలకి రోజూ మెడల్ కథలు చెప్పకండమ్మా. మన పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల జీవంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది, అదే ఏడు జపాన్‌లోని కోబెలో పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 55.07 సెకన్లతో తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. కల్లెడ నుంచే విలుకాడు, కాదు విలుకత్తె అనాలేమో, వర్ధినేని ప్రణీత 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్ళింది. ఒక్క పల్లెటూరి నుంచి ఇద్దరు ఎలా వచ్చారని అడిగితే నేను చెప్పేది ఒకటే, ఆ ఊరి బడిలో ఆటలు రోజూ ఉన్నాయి. పిల్లలకి ఆ మాట చెప్పండి చాలు. "నువ్వు కూడా దీప్తివి కావాలి" అంటే, కాలేనివాడు రేపటి నుంచి రాడు.

మొన్న ఒక తల్లి నా దగ్గరికొచ్చి మావాణ్ణి స్పోర్ట్స్ స్కూల్లో వేయించండి సార్ అంది. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్‌లో ఉన్నాయి, అక్కడ 4వ తరగతిలో చేర్చుకుంటారు. వాడు తొమ్మిదో తరగతి. ఆమెకి ఏం చెప్పాలి? మీ బస్తీ గ్రౌండే వాడి స్పోర్ట్స్ స్కూలు అన్నాను.

అండర్‌బ్రిడ్జి అన్న
ఫిబ్రవరి 13, రాత్రి 10:20

సార్ చెప్పినట్టు పేర్లు రాశాను. పోయిన ఇరవై తొమ్మిదిలో పదమూడు మంది టోర్నమెంట్‌లో ఒక్క నిమిషం కూడా కోర్టులోకి దిగనివాళ్ళు. తొమ్మిది మంది మార్కెట్‌కి పోతున్నారు, దడ్వాయి అన్న అన్నట్టే. ముగ్గురు గోడ దగ్గర. మిగతావాళ్ళకి వచ్చే నెల టెన్త్ పరీక్షలు, ఆ సంగతే మరిచిపోయాను, బుద్ధి లేదు నాకు.

ట్రిప్ అనగానే పిల్లలంతా లక్నవరం, బొగత అంటున్నారు, వేలాడే వంతెన మీద రీల్స్ చేయాలట.

శివనగర్ అక్క
ఫిబ్రవరి 13, రాత్రి 10:52

నీళ్ళ దగ్గరికి వద్దు. ముగ్గురు పెద్దవాళ్ళు ముప్పై మంది పిల్లల్ని చెరువు దగ్గర చూసుకోలేరు, ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. రామప్ప వెళ్ళండి, అక్కడ కూడా చెరువుంది, కట్ట ఎక్కనివ్వకండి. ప్రతి తల్లి దగ్గరా సంతకం తీసుకో, పది మందికి ఒక పెద్ద, అందులో ఇద్దరు ఆడవాళ్ళు తప్పనిసరి. ఆడపిల్లలకి, ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి టికెట్ లేదు కదా, ఆధార్ కార్డు జేబులో పెట్టించు. నీ 6,400లో మగపిల్లల టికెట్లకే ఖర్చు. పులిహోర మేం కలిపి ఇస్తాం.

ఖిలా గైడు
ఫిబ్రవరి 14, ఉదయం 9:30

శివరాత్రి జాతర రద్దీ తగ్గాక రామప్పకి వెళ్ళండి. దానికి ముందు ఒక ఆదివారం పిల్లల్ని ఖిలా వరంగల్‌కి నడిపించుకుని రండి, 15 ఏళ్ళ లోపువాళ్ళకి టికెట్ కూడా లేదు. పక్కనే ఉండి తోరణాల దాకా రాని పిల్లలు ఎంతమందో. మన రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం ఇదేరా అంటే ఆటో వెనకాల స్టిక్కర్‌లో చూశాం అన్నారు ఒకసారి.

రామప్పలో లెక్చర్ ఇవ్వకండి. 1213లో కట్టారు, రేచర్ల రుద్రుడు కట్టించాడు, గుడికి మాత్రం శిల్పి పేరు నిలిచింది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇంతే చెప్పండి. అందరికీ ఒక కాగితం, పెన్సిల్ ఇచ్చి వెతకమనండి: ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న నల్లరాతి బొమ్మ ఎక్కడుంది, మద్దెల కొట్టేవాడు ఎక్కడున్నాడు, కుస్తీ పట్టేవాళ్ళు ఎక్కడున్నారు. దొరికింది గీయాలి. నీళ్ళ మీద తేలే ఇటుకల సంగతి చివర్లో చెప్పండి, ముందే చెబితే ఇంకేం చూడరు. కాకతీయుల కాలం నాటి పేరిణి నాట్యాన్ని నటరాజ రామకృష్ణ గారు ఈ గుడి శిల్పాలు చూసి, జాయప సేనాని నృత్తరత్నావళి చదివి మళ్ళీ నిలబెట్టారు. డప్పు దరువు అన్న వెంట వస్తే ఆ బొమ్మల ముందు చెప్పడానికి ఆయనే సరైనవాడు.

అండర్‌బ్రిడ్జి అన్న
మార్చి 29, రాత్రి 11:02

చాలా రోజులైంది, క్షమించండి. పోయిన ఆదివారం రామప్పకి పోయి వచ్చాం. 23 మంది, అందులో ఏడుగురు ఆడపిల్లలు, అక్క గ్రూపు నుంచి. టెన్త్ పిల్లలు పరీక్షల వల్ల రాలేదు, వాళ్ళని ఇంకోసారి తీసుకుపోతానని మాటిచ్చాను. ములుగు దాటకముందే ఒకడికి వాంతి, కిటికీ పక్కన కూర్చున్నవాడి కొత్త చొక్కా పోయింది, దాని మీద కొట్లాట. ఇద్దరు కన్నుగప్పి చెరువు కట్ట ఎక్కారు, దడ్వాయి అన్న పరుగెత్తి పట్టుకొచ్చాడు, తిరుగు ప్రయాణంలో వాళ్ళిద్దరినీ తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

చెప్పుల బొమ్మని ముందు కనిపెట్టింది గోడ దగ్గర కూర్చునే ముగ్గురిలో ఒకడు. పిలిస్తే వస్తాడనుకోలేదు. గంటసేపు కదలకుండా గీశాడు. వాడికి గీయడం వచ్చని వాళ్ళమ్మకి కూడా తెలియదు. మద్దెల బొమ్మ ముందు డప్పు అన్న దరువు నోటితో చెబుతుంటే మా బస్తీ పిల్లాడు ఒకడు తొడ మీద అందుకున్నాడు, "నీకెట్ల తెలుసురా" అని పక్కవాడు అడిగితే "మా తాత కొడతడు, నేను గూడ కొడత" అన్నాడు, గట్టిగా, అందరూ వినేట్టు.

ఇప్పుడు రోజూ 19 మంది వస్తున్నారు. నలభై కాలేదు. ఖోఖో, పాయింట్ల పుస్తకం నడుస్తున్నాయి. గోడ దగ్గరి మిగతా ఇద్దరు రాలేదు, ఒకణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకుపోవడానికి వాళ్ళ నాయన ఒప్పుకున్నాడు, ఇంకొకడు నన్ను చూస్తే పక్క సందులోకి తిరిగిపోతున్నాడు. డబ్బు 900 మిగిలింది.

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. మా జాగాని ఏప్రిల్ రెండో వారం నుంచి నెలన్నర ఎగ్జిబిషన్‌కి ఇచ్చారట, జెయింట్ వీల్ కోసం గుంతలు తీస్తున్నారు. అడిగితే "ఎండాకాలం పిల్లలు ఊర్లకు పోతారు కదా" అన్నారు. మా పిల్లలకి పోవడానికి ఊర్లు లేవు.

పాత పీఈటీ
మార్చి 30, ఉదయం 5:47

ఎండాకాలం సాయంత్రం ఎలాగూ కుదరదు, పొద్దున ఆరింటికి మార్చు. టైం మారుతున్నట్టు ప్రతి ఇంటికీ పోయి చెప్పు, ఫోన్ మెసేజ్ పెట్టి ఊరుకోకు.

శివనగర్ అక్క
మార్చి 30, ఉదయం 8:15

మా బడి వెనకాల స్థలం 27 మీటర్లు రాదు, ఇరవై వస్తుంది. హెచ్‌ఎం గారితో మాట్లాడాను, ఎనిమిదింటి లోపు ఖాళీ చేస్తామని రాసిస్తే సరే అన్నారు. తాళం నా దగ్గర ఉంటుంది. ఆ బొమ్మలు గీసిన అబ్బాయికి వరండా గోడ ఒకటి ఖాళీగా ఉందని చెప్పు.

డప్పు దరువు
మార్చి 30, ఉదయం 8:40

సున్నం డబ్బా, కర్రలు నా ఆటోలో వేసుకొస్తా. రేపు ఆరింటికేనా?